తోట చూసిన చోటే భోజనం: అమ్మానాన్నలతో జపాన్ వెళ్లేవారికి

ప్రశ్న: నవంబరు రెండో సగంలో పది రోజులు జపాన్ వెళ్తున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న. నాన్న ఉద్యానశాఖలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడి తోటలు చూడాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. అమ్మానాన్నలు గుడ్డు కూడా ముట్టరు. మేము మాంసం, చేపలు తింటాం. టోక్యో, హకోనె, కనాజావా, తకాయామా, క్యోటో, నారా, ఒసాకా, హిమేజి, హిరోషిమా అనుకున్నాం. పెద్దవాళ్ల తిండి ఎలా? ఏ తోటలు తప్పకుండా చూడాలి?

సమాధానం:

మీ జాబితాలోంచి బస చేయడానికి మూడు ఊళ్లే ఉంచండి: టోక్యో, కనాజావా, క్యోటో. జాబితాలో లేని కోయాసాన్‌ను, అంటే కొండ మీది బౌద్ధ మఠాల ఊరిని, నాలుగోదిగా చేర్చండి. నారా క్యోటో నుంచి ఒక్క పూటలో చూసి రావచ్చు. మిగతావి ఇంకోసారి చూడండి. ఉద్యోగరీత్యా ఒసాకాలో ఉన్న కాలంలో మనవాళ్లను చాలామందిని దగ్గరుండి తిప్పాను. పెద్దవాళ్లు నడకకు పెద్దగా అలసిపోరు. రోజు విడిచి రోజు పెట్టెలు సర్దుకుని, రైలు దిగి, కొత్త గది వెతుక్కోవడం వాళ్లను కుంగదీస్తుంది. పైగా జపాన్ తోట అలా వెళ్లి ఇలా ఫొటో తీసుకుని వచ్చేది కాదు. అరగంట కూర్చుంటేగాని అందులో ఏముందో కంటికి ఆనదు. మీ నాన్నగారి వంటి మనిషికి అరగంట కూడా చాలదు.

నేను అందరికీ చెప్పేది ఒకే మాట. రోజుకు ఒక తోట పెట్టుకోండి, ఆ తోటలోనో దాని పక్కనో భోజనం పెట్టుకోండి. ఇది కేవలం సౌకర్యం కోసం చెప్పడం లేదు. క్యోటోలోని గొప్ప తోటల్లో చాలా వరకు బౌద్ధాలయాల్లోనే ఉన్నాయి. ఆ ఆలయాల వంటశాలల్లో పుట్టిందే షోజిన్ ర్యోరి అనే శాకాహార వంట. అందులో మాంసం, చేప, గుడ్డు ఉండవు. సంప్రదాయంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. అంటే మీ అమ్మానాన్నలు అక్కడ మిగిలిందేదో సర్దుకు తినేవాళ్లు కారు. ఆ దేశపు అత్యుత్తమ భోజనాల్లో ఒకటి వాళ్ల కోసమే ఉంది. దాన్ని సరైన చోట వెతుక్కోవాలి.

ముందు తిండి సంగతి పూర్తిగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు చిక్కుపడేది ఇక్కడే. జపాన్ వంటకు ఆధారం దాషి అనే చారు. మామూలుగా దీన్ని రెండు వస్తువులతో కాస్తారు. ఒకటి కొంబు అనే సముద్రపు నాచు. రెండోది కత్సువోబుషి. చేపను ఉడికించి, పొగబెట్టి, రాయంత గట్టిపడేదాకా ఎండబెట్టి, పల్చటి పొరలుగా చెక్కితే వచ్చేది అది. మిసో సూపులో, నూడుల్స్ చారులో, టెంపురా ముంచుకునే సాస్‌లో, పాలకూర మీద పోసే రసంలో, ఉడికించిన గుమ్మడికాయలో కూడా ఈ చారే ఉంటుంది. పళ్లెంలో ఎక్కడా చేప ముక్క కనిపించదు. వడ్డించే మనిషికి కూడా అది చేప వంటకమని తోచదు. అందుకే 'మేము వెజిటేరియన్' అంటే సరిపోదు. మాంసం ముక్క తీసేసి, చారు అలాగే ఉంచి, ఎంతో మర్యాదగా తెచ్చిపెడతారు.

కాబట్టి ఈ మాటలు ఫోనులో జపాన్ లిపిలో రాయించుకుని చూపించండి, నోటితోనూ చెప్పండి: 'నికు మో, సకానా మో, తమాగో మో తబెరరెమసెన్. కత్సువో దాషి మో దమే దేసు.' మాంసం, చేప, గుడ్డు తినలేము, చేప చారు కూడా పనికిరాదు అని దాని అర్థం. తినలేము అని స్పష్టంగా చెబితే చాలామంది వంటవాళ్లు లోపలికి వెళ్లి పదార్థాల చీటీ చూసి వచ్చి మరీ చెబుతారు. కుదరకపోతే కుదరదని ముందే అనేస్తారు. దాన్ని అమర్యాదగా అనుకోకండి. తెలియకుండా పెట్టడం కంటే అది ఎంతో మేలు.

షోజిన్ వంటలో ఆ చారును కొంబుతో, ఎండు షిటాకే పుట్టగొడుగులతో కాస్తారు. రుచిలో లోటు ఏమీ ఉండదు. 1908లో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు చారుకు అంత రుచి ఎందుకని పరిశోధించి, అందులో గ్లుటమేట్ ఉందని కనిపెట్టాడు. ఈనాడు ప్రపంచమంతా ఉమామి అంటున్నది దాన్నే. ఆ రుచికి మూలం ఒక నాచు అన్నమాట, శాకాహారులు నిశ్చింతగా తినగలిగింది.

తీపి విషయంలో మీకు దిగులే అక్కర్లేదు. వాగాషి అనే సంప్రదాయ మిఠాయిలు ఎక్కువగా ఎర్ర చిక్కుడు గింజల ముద్ద, బియ్యప్పిండి, చక్కెరతో చేస్తారు. జెల్లీలా ఉండేవాటిలో కాంతెన్ వాడతారు, అదీ నాచు నుంచి తీసేదే. కొన్ని రకాల్లో గుడ్డు పడుతుంది, ముఖ్యంగా కాల్చినవాటిలో. అందుకని అడిగి తీసుకోండి. నవంబరులో చెస్ట్‌నట్ మిఠాయిలు, సూపర్ మార్కెట్ గుమ్మంలోనే వేడివేడిగా అమ్మే కాల్చిన చిలగడదుంపలు, పెర్సిమన్ పండ్లు దొరుకుతాయి. ఆ చిలగడదుంప తొక్క వలిస్తే లోపల పాకం కారుతుంటుంది. పిల్లలు ఐస్‌క్రీం మరిచిపోతారు.

ఉదయం, రాత్రి భోజనాల గురించి ఒక మాట. ఇంటి నుంచి చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్దామని అందరికీ అనిపిస్తుంది. అక్కడి కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్ అక్కడ సరిగా వేడెక్కదు. దాని బదులు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా వండిన అన్నం ప్యాకెట్లు ఉంటాయి. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే పొగలు కక్కే అన్నం సిద్ధం. చక్కెర కలపని పెరుగు డబ్బాలూ దొరుకుతాయి. కందిపొడి, గోంగూర పచ్చడి, పులిహోర పేస్టు మీ పెట్టెలో ఉంటే అమ్మగారికి రాత్రిపూట బెంగ ఉండదు. కానీ పచ్చి కరివేపాకు, మామిడికాయలు, తాజా పండ్లు, విత్తనాలు పట్టుకెళ్లకండి. మొక్కల క్వారంటైన్ నిబంధనలు అక్కడ చాలా కఠినం, ధ్రువపత్రం లేనివి విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. మాంసంతో చేసిన పచ్చళ్లకూ అదే గతి.

ఇక ఊళ్లు. టోక్యోలో ఎత్తయిన గోపురాల పైకి ఎక్కడం పిల్లల కోసం ఒకసారి సరే. నాన్నగారిని మాత్రం హమారిక్యు తోటకు తీసుకెళ్లండి. ఒకప్పుడు షోగున్‌లనే సైనిక పాలకుల విడిది అది. అందులోని చెరువు సముద్రపు నీటిది. టోక్యో అఖాతం ఆటుపోట్లను తూములతో లోపలికి రానిచ్చి, చెరువు మట్టాన్ని మారుస్తారు. చుట్టూ ఆకాశహర్మ్యాలు, మధ్యలో ఉప్పునీటి చెరువు, చెరువు మధ్య తేనీటి శాల. అక్కడ చాప మీద కూర్చుంటే మాచా అనే ఆకుపచ్చ పొడి టీ, ఒక మిఠాయి తెచ్చిపెడతారు. చేదు టీ తాగేముందే తీపి తినాలి, అప్పుడు రెండూ రుచిస్తాయి. ఆ తోట నుంచే పడవ ఎక్కి సుమిదా నది మీదుగా అసకుసా వెళ్లవచ్చు. సెన్సోజి ఆలయం అక్కడికి దగ్గరే. మనవాళ్ల భోజనం కావాలనిపిస్తే నిషి కసాయి వైపు వెళ్లండి. భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం కాబట్టి మన సరుకులూ, హోటళ్లూ ఉన్నాయి. మీరు మాంసాహారం తింటారు కాబట్టి షింజుకులోని నకమురాయా గురించి కూడా చెబుతాను. బ్రిటిష్ ప్రభుత్వానికి చిక్కకుండా 1915లో జపాన్ చేరిన రాస్ బిహారీ బోస్‌కు ఆశ్రయమిచ్చిన కుటుంబానిది ఆ దుకాణం. ఆ ఇంటి అమ్మాయినే ఆయన పెళ్లి చేసుకున్నారు. 1927లో ఆయన నేర్పిన పద్ధతిలో కోడి కూర అన్నం అమ్మడం మొదలుపెట్టారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. స్వాతంత్ర్య సమర చరిత్ర తెలిసినవాళ్లకు ఆ పళ్లెం ముందు కూర్చోవడం ఒక గొప్ప అనుభవం.

కనాజావా మీ జాబితాలో ఉన్నందుకు సంతోషం. మీరు వెళ్లే కాలానికి అంతకంటే తగిన ఊరు లేదు. జపాన్‌లో మూడు మేటి తోటలని పేరున్నవాటిలో కెన్‌రొకుయెన్ ఒకటి. మిగతా రెండు ఒకయామాలోని కోరకుయెన్, మితోలోని కైరకుయెన్. మాయెదా ప్రభువులు తరతరాలుగా పెంచిన తోట ఇది. కనాజావాలో పడే మంచు తడిగా, బరువుగా ఉంటుంది. కొమ్మల మీద పేరుకుంటే విరిగిపోతాయి. అందుకని ఏటా నవంబరు 1 నుంచి తోటమాలులు చెట్టు పక్కన పొడవాటి గుంజ నిలబెట్టి, దాని కొస నుంచి గడ్డి తాళ్లు దించి ఒక్కొక్క కొమ్మకూ కడతారు. యుకిత్సురి అంటారు దీన్ని. మొదట కట్టేది చెరువు గట్టున ఉన్న కరసాకి పైన్ చెట్టుకు. బివా సరస్సు ఒడ్డునున్న కరసాకి నుంచి 13వ మాయెదా ప్రభువు విత్తనం తెప్పించి పెంచిన చెట్టది. మీరు వెళ్లేసరికి ఆ తాళ్లు బిగించి ఉంటాయి, మంచు ఇంకా పడి ఉండదు. ఎర్రబడ్డ మేపుల్ ఆకులూ, తాళ్ల గొడుగులూ రెండూ ఒకేసారి చూడగలిగేది ఆ కొద్ది వారాలే.

అక్కడే ఇంకో పని జరుగుతుంటుంది, చాలామంది దాన్ని దాటుకుంటూ వెళ్లిపోతారు. శీతాకాలం ముందు పైన్ చెట్ల ముదురు సూదుల్లాంటి ఆకులను చేత్తో దూస్తారు. తోటమాలి నిచ్చెన మీద కూర్చుని ఒక రెమ్మను ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్లతో పాత సూదులను కిందికి దువ్వినట్టు లాగేస్తాడు. ఈ ఏటి సూదులు మాత్రం గుప్పెడు మిగులుతాయి. తర్వాత పక్క రెమ్మ. పెద్ద చెట్టయితే ఇలా పూర్తి కావడానికి ఎంత ఓపిక కావాలో ఊహించండి. పని అయ్యాక చెట్టు మధ్యలోంచి ఆకాశం కనిపిస్తుంది, లోపలి కొమ్మలకు వెలుతురు, గాలి అందుతాయి. బొటనవేలు విడిగా ఉండే గుడ్డ బూట్లు వేసుకుని ఉంటారు వాళ్లు, కొమ్మ మీద పాదం పట్టు తెలియడానికి. మీ నాన్నగారిని ఆ నిచ్చెన దగ్గర వదిలేసి మీరు తోట చుట్టి రండి. భాష రాకపోయినా ఆయనకు అర్థం కానిది ఉండదు.

తోటలోనే షిగురెతెయి అనే తేనీటి శాల ఉంది, మధ్యాహ్నం అక్కడ కూర్చోండి. చేపలు తినే మీ కోసం ఒమిచో బజారు ఉంది. అక్కడి సముద్రంలో మంచు పీతల వేట నవంబరు 6న మొదలవుతుంది కాబట్టి మీరు వెళ్లేసరికి తాజా సరుకు ఉంటుంది, ధర మాత్రం ఘాటుగానే ఉంటుంది. జపాన్‌లో బంగారు రేకు దాదాపు అంతా తయారయ్యేది ఈ ఊళ్లోనే. ఐస్‌క్రీం మీద ఒక రేకు పరిచి ఇస్తారు, పిల్లలకు అది కొనిపెట్టక తప్పదు. టోక్యో నుంచి కనాజావాకు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో రెండున్నర గంటలు. అక్కడి నుంచి త్సురుగా వరకు మళ్లీ షింకన్‌సెన్, అక్కడ థండర్‌బర్డ్ రైలుకు మారితే క్యోటో. ఈ దారికి హొకురికు ఆర్చ్ పాస్ అనే రైలు పాస్ ఒకటుంది, విడి టికెట్లతో పోల్చి చూసుకోండి. దేశమంతా తిరిగే జేఆర్ పాస్ ధర 2023 అక్టోబరులో బాగా పెంచేశారు. ఏడు రోజులదే అప్పట్లో 50,000 యెన్లకు చేరింది, మీ ప్రయాణానికి అది దండగ.

క్యోటోలో మీ బస ఎక్కువ రోజులు ఉండాలి. మొదటి తోట తెన్‌ర్యూజి. 1339లో మొదలైన ఆలయం. ముసో సోసెకి అనే జెన్ భిక్షువు అక్కడి చెరువు తోటను రూపొందించారు. ఆలయ భవనాలు ఎన్నోసార్లు కాలిపోయినా తోట తన రూపు నిలుపుకుంది. వసారాలో కూర్చుంటే చెరువు, దాని అవతల రాళ్లు, వాటి వెనక చెట్లు, చెట్ల వెనక అరషియామా కొండ ఒకే తోటగా కనిపిస్తాయి. ఎక్కడ గోడ ముగిసి ఎక్కడ కొండ మొదలైందో తెలియదు. బయటి కొండను తోటలోకి అరువు తెచ్చుకునే ఈ పద్ధతికి షక్కెయి అని పేరు. పిల్లలకు చెరువు అవతలి ఒడ్డున నిలబెట్టిన రాళ్లు చూపించండి. నీళ్లు లేని జలపాతం అది. మధ్యలో ఉన్న రాయి ఎగబాకుతున్న చేప. జలపాతం ఎక్కగలిగిన చేప డ్రాగన్ అవుతుందని కథ.

భోజనం ఆ ఆవరణలోని షిగెత్సులోనే. ముందుగా బుక్ చేసుకోవాలి, తోట టికెట్టు వేరే. ఎర్ర లక్క పూసిన చిన్న పీట మీద ఎర్ర గిన్నెలు వరుసగా వస్తాయి. వాటిలో గోమాదోఫు ఉంటుంది, మొదట అది తినండి. నువ్వులు మెత్తగా నూరి, కుద్జు దుంప పిండితో కలిపి, అడుగంటకుండా కలియబెడుతూ ఉడికించి, అచ్చులో చల్లార్చి కోస్తారు. పైన కాస్త వాసాబి, ఒక చుక్క సోయా. నోట్లో పెడితే లేత తాటిముంజెలా జారుతుంది, తర్వాత నువ్వుల కమ్మదనం నిదానంగా తెలుస్తుంది. అందరూ నేల మీద కూర్చుని తినే పద్ధతి కాబట్టి మోకాళ్ల నొప్పులుంటే బుక్ చేసేటప్పుడే కుర్చీ గురించి అడగండి. భోజనమయ్యాక ఉత్తర ద్వారం నుంచి బయటికి వస్తే ప్రసిద్ధ వెదురు వనంలో పడతారు.

రెండో రోజు ర్యోఆన్‌జి. తెల్లటి గులక పరుపు, అందులో 15 రాళ్లు, కాస్త పాచి. ఎక్కడ కూర్చున్నా ఒక రాయి ఇంకోదాని చాటున ఉండి 14 మాత్రమే కనిపిస్తాయంటారు. పిల్లలు లెక్కపెట్టడంలో మునిగిపోతారు. నన్ను కట్టిపడేసేది వెనకాల గోడ. నూనెతో కలిపిన మట్టి గోడ అది. ఏళ్లు గడిచేకొద్దీ నూనె పైకి ఊరి గోధుమ రంగు మచ్చలు తేలాయి. ఆ గోడ లేకపోతే ఆ రాళ్లకు అంత నిబ్బరం రాదని నా నమ్మకం. ఉదయం తెరిచిన వెంటనే వెళ్లండి, పది దాటాక గుంపులు నిండిపోతాయి. చెప్పులు విప్పి చెక్క నేల మీద నడవాలి, ఆ నెలలో నేల చల్లగా ఉంటుంది, మందపాటి మేజోళ్లు వేసుకోండి. ఆలయ ఆవరణలోనే యుదోఫు పెట్టే భోజనశాల ఉంది. కొంబు వేసిన నీళ్లలో టోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది) ముక్కలు వేడి చేసి ఇస్తారు. ముంచుకునే సాస్‌లో చేప చారు ఉందేమో అడిగి, ఉంటే ఉత్త సోయా తెప్పించుకోండి.

మూడోది మురిన్‌ఆన్. రాజకీయ నాయకుడు యమగతా అరితొమొ 1890ల్లో కట్టించుకున్న విడిది. ఒగావా జిహేయి అనే తోట శిల్పి దీన్ని తీర్చాడు. అప్పుడే కొత్తగా తవ్విన బివా సరస్సు కాలువ నుంచి నీళ్లు తెచ్చి, లోతులేని వాగులా పారించాడు. పచ్చిక, పాచి పక్కపక్కనే పెరుగుతాయి, ఎదురుగా హిగషియామా కొండలు. జనం తక్కువ, ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకుని వెళ్లాలి. బంగారు పూత కింకకుజి చూడకపోతే ఎలా అంటారు చాలామంది. 1950లో ఎవరో తగలబెడితే 1955లో తిరిగి కట్టిన మందిరం అది. అందంగానే ఉంటుంది కానీ తోపులాటలో నడిపిస్తూ పోతారు. ఒక్కటే ఎంచుకోవాలంటే పెద్దవాళ్లతో నేను మురిన్‌ఆన్‌కే వెళ్తాను. అక్కడికి దగ్గర్లోనే నాన్‌జెన్‌జి, ఆలయం మధ్యలోంచి వెళ్లే ఎర్ర ఇటుకల కాలువ వంతెన, చుట్టుపక్కల టోఫు భోజనశాలలు.

ఏ తోటలోనైనా కాలిబాట రాళ్లను గమనించమని పిల్లలకు చెప్పండి. చిన్నచిన్న ఎగుడుదిగుడు రాళ్ల మీద నడుస్తున్నప్పుడు తల దించుకోక తప్పదు. తర్వాత ఒక వెడల్పాటి రాయి వస్తుంది. అక్కడ నిలబడి తల ఎత్తితే, చూడవలసింది సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నల్లటి తాడుతో పొట్లంలా కట్టిన గుండ్రాయి దారిలో కనిపిస్తే అటు వెళ్లకూడదని అర్థం. కంచె లేదు, బోర్డు లేదు, ఎవరూ దాన్ని దాటరు.

ఫుషిమి ఇనారి ఎర్ర తోరణాలు తెల్లవారుజామున చూసేయండి. టికెట్టు లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. అదే రైలు దారిలో నారా. జింకలకు పెట్టే బిస్కెట్లు తవుడుతో చేసినవి, పిల్లలు వాటిని దాచుకుని ఏడిపిస్తే జింకలు చొక్కా పట్టుకుని లాగుతాయి, జాగ్రత్త. తోదాయిజిలోని మహాబుద్ధుడి ఎత్తు 15 మీటర్లు. 752లో ఆ విగ్రహానికి కన్నులు తెరిపించే ప్రతిష్ఠా క్రతువు జరిపింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. ఈ సంగతి అమ్మగారికి విగ్రహం ముందు నిలబడే ముందే చెప్పండి. పక్కనే ఇసుయియెన్ తోటలో చెరువు గట్టున నిలబడితే అదే ఆలయపు పెద్ద ద్వారం కప్పు చెట్ల మీదుగా కనిపిస్తుంది.

చివరిగా కోయాసాన్. 816లో చక్రవర్తి అనుమతితో కూకాయి అనే బౌద్ధ భిక్షువు స్థాపించిన కొండ మఠం, సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒసాకాలోని నంబా నుంచి నన్‌కాయి రైలు, తర్వాత కేబుల్ కారు. అక్కడి ఆలయాల్లోనే రాత్రి బస చేయవచ్చు. భోజనం పూర్తిగా షోజిన్, రాత్రి వడ్డన సాయంత్రం ఐదున్నర, ఆరు గంటల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి వెలుతురు ఉండగానే చేరుకోండి. గడ్డకట్టించి ఎండబెట్టి, మళ్లీ చారులో నానబెట్టిన కోయాదోఫు అనే టోఫు ఈ కొండ పేరు మీదే ఉంది. పళ్లెంలో ఏ గిన్నెనూ అనుమానంగా చూడక్కర్లేదు. ఇన్ని రోజుల తర్వాత అమ్మగారికి అది పెద్ద విశ్రాంతి. ఉదయం పూజలో కూర్చోవచ్చు. కొన్ని ఆలయాల్లో అగ్నిలో సమిధలు వేసే క్రతువు చూస్తే మన హోమమే అనిపిస్తుంది. వేల మైళ్లు దాటి వెళ్లిన ఆచారమే అది. ఒకునోయిన్ దారిలో దాదాపు రెండు కిలోమీటర్లు పెద్దపెద్ద దేవదారుల కింద సమాధుల మధ్య నడవాలి, సమాధి స్తంభాల మీద 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిలో సంస్కృత అక్షరాలు చెక్కి ఉంటాయి. ఆ దారి చివర కూకాయి ఇంకా ధ్యానంలోనే ఉన్నాడని అక్కడివారి విశ్వాసం. రోజూ ఉదయం ఆరింటికీ, పదిన్నరకూ భిక్షువులు ఆయనకు భోజనం మోసుకెళ్తారు. పదిన్నర వేళకు అక్కడ ఉండేలా చూసుకోండి. కొంగొబుజి ఆలయంలో 140 గ్రానైట్ రాళ్లతో పరిచిన బన్‌ర్యూతెయి రాతి తోట ఉంది, అది నాన్నగారి కోసం. చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టర్లు పై సంచిలోనే పెట్టుకోండి.

బుకింగుల్లో తొందర పడవలసినవి రెండే: కోయాసాన్ బస, నవంబరు క్యోటో హోటలు. ఆకులు ఎర్రబడే వారాల్లో రెండూ ముందే నిండిపోతాయి. పెద్ద పెట్టెలను తక్క్యూబిన్ అనే సామాను సేవ ద్వారా ఒక హోటలు నుంచి ఇంకో హోటలుకు పంపించేయండి, మరునాటికల్లా చేరతాయి. తిరుగు విమానం ఒసాకా దగ్గరి కన్సాయి విమానాశ్రయం నుంచి పెట్టుకోండి, టోక్యోకు వెనక్కి రావడం వృథా. కొండ దిగే నన్‌కాయి రైలు సకాయి మీదుగానే వస్తుంది. చాకులకు, కత్తెరలకు తరాలుగా పేరున్న ఊరది. నాన్నగారు జపాన్ నుంచి మొక్క తెచ్చుకుంటానంటే క్వారంటైన్ చిక్కులు చాలా ఉన్నాయి. దాని బదులు సకాయిలో దిగి, తోటమాలులు వాడే కత్తెర ఒకటి ఆయన చేతికి సరిపోయేది చూసి కొనిపెట్టండి. విమానంలో దాన్ని చేతిసంచిలో రానివ్వరు, చెక్-ఇన్ పెట్టెలో వేయాలి.